దూత చెయ్యి

పదకొండేళ్లుగా ఆయన ఒకే సాక్ష్యం చెబుతూ వచ్చాడు. ఏటా కృతజ్ఞతా కూడిక నాడు, పాటలయ్యాక, పాస్టరుగారు ముందు వరుసకేసి చూసి, "మన డ్రైవరుగారు ఒక్క ఐదు నిమిషాలు..." అనేవారు. ఐదు నిమిషాలకని లేచిన మనిషి ఇరవై నిమిషాలకు గానీ కూర్చునేవాడు కాదు. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. కొత్తగా వచ్చినవాళ్లని పక్కవాళ్లు మోచేత్తో పొడిచి, "ఇది వినాలి నువ్వు" అనేవాళ్లు.

బస్సు కొండ దిగుతోంది. లోపల నలభై రెండు మంది. సగం దారిలో బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది. ఎదురుగా మలుపు, మలుపు అవతల లోయ.

"ఇక నావల్ల కాదు ప్రభువా అని రెండు చేతులూ తీసేశాను" అంటూ ఆయన చేతులు పైకెత్తేవాడు. కాసేపు అలాగే ఉంచేవాడు. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. "అప్పుడొక చెయ్యి కనబడింది. నాది కాదు. నా భుజం మీంచి వచ్చింది. స్టీరింగు పట్టుకుని కొండవైపుకి తిప్పేసింది. బస్సు గట్టుకి రాసుకుంటూ పోయి పోయి ఆగింది. ఒక్కరి ప్రాణం పోలేదు."

"దూత!" అనేది ముందు వరుసలో కూర్చునే ముసలమ్మ, కళ్లొత్తుకుంటూ.

ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. తల వంచుకునేవాడు. అది వినయమని అందరూ అనుకునేవాళ్లు.

చిత్రమేమిటంటే వాటిలో చాలా మాటలు నిజమే. చేతులు తీసిన మాట నిజం. కాకపోతే పైకెత్తలేదు, ముఖం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఒక చెయ్యి కనబడిన మాట కూడా నిజం. అది కండక్టరు చెయ్యి.

ఆ రోజు కండక్టరు వెనక సీట్ల దగ్గర టిక్కెట్లు కొడుతున్నాడు. అప్పటికి పెళ్లయి రెండేళ్లు కాలేదు. బస్సు వేగం పసిగట్టి, "బ్రేకెయ్యన్నా! గేరు దించన్నా!" అని అరుస్తూ ముందుకు పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి డ్రైవరు ముఖం కప్పుకుని కొయ్యబారి కూర్చున్నాడు. కండక్టరు ఆయన భుజం మీదుగా వంగి, కుడిచెయ్యి స్టీరింగు చువ్వల మధ్య దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ముందు చక్రం గట్టుకి గుద్దుకున్నప్పుడు స్టీరింగు గిర్రున వెనక్కి తిరిగింది. చువ్వల మధ్య చెయ్యి ఉండిపోయింది.

మూడో రోజు ఆసుపత్రిలో, డిపోవాళ్లు విచారణకి రాకముందు, డ్రైవరు కండక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. కండక్టరే మాట మొదలెట్టాడు.

"నువ్వే తిప్పావని చెప్పన్నా. చేతులు వదిలేశావంటే ఇంక ఉద్యోగముంటుందా? ఇద్దరాడపిల్లల తండ్రివి. నాకేం, విరిగిన చెయ్యి, అతుక్కుంటుంది."

"మరి నీ చెయ్యెలా విరిగిందని చెప్పాలి?"

"నిలబడున్నాను, పడ్డాను. కండక్టర్లు పడటం వింతా?"

అలాగే రాశారు. ప్రయాణికులు భయంతో తలలు వంచేసుకుని ఉన్నారు గనక కాదనేవాళ్లు లేకపోయారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కండక్టరు ఎడమచేత్తో, వంకరటింకరగా పెట్టాడు. చెయ్యి అతుక్కుంది గానీ మోచేతి దగ్గర సాగలేదు. వేళ్లు సగమే ముడుచుకునేవి. టిక్కెట్ల మిషను పట్టుకోలేని కండక్టరుని బస్సెక్కించరు గనక డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు.

మొదటిసారి సంఘంలో నిలబడ్డప్పుడు డ్రైవరు చెప్పింది ఒక్క ముక్కే: "దేవుడు కాపాడాడు." అంతకంటే చెబితే ఏడుపొచ్చేలా ఉంది. రెండో ఏడు పాస్టరుగారు, "ఆ క్షణంలో మీరేం చేశారు? చెప్పండి, పిల్లలు వినాలి" అన్నారు. "ప్రార్థన చేశాను" అన్నాడు. ఏం చేశారని అడిగితే ముఖం కప్పుకున్నానని సంఘంలో ఎవడు చెబుతాడు? మూడో ఏడు చేతులు పైకి లేచాయి. నాలుగో ఏడు, ఎలా వచ్చిందో తెలియకుండానే, 'ఒక చెయ్యి కనబడింది' అన్న మాట నోటివెంట వచ్చేసింది. ఆయన నిజం చెబుదామనే లేచాడేమో కూడా. తరవాత "కండక్టరుది" అనాలి. ఆ ఊపిరి పట్టిన క్షణంలోనే ముసలమ్మ "దూత!" అంది. హాలంతా స్తోత్రమంది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఆ మరుసటి ఏడు ఆయన్ని సంఘ పెద్దగా ఎన్నుకున్నారు.

మొదట్లో నెలకోసారి కండక్టరుని చూడడానికి వెళ్లేవాడు. సాక్ష్యం పెరిగేకొద్దీ ఆ రాకపోకలు తగ్గాయి. డిపోలో ఎదురుపడితే, "ఏం తమ్ముడూ, బావున్నావా?" అని, జవాబు వినకుండానే అడుగు ముందుకేసేవాడు. ఎవరైనా కండక్టరు ఊసెత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

ఆయన రిటైరైన వారం, ప్రమాదమన్నది ఇంకెప్పుడూ జరక్కుండా సర్వీసు పూర్తయినందుకు, ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఏర్పాట్లన్నీ భార్యే చూసింది. డిపోవాళ్లని పిలిచింది కూడా ఆవిడే.

కూడిక మొదలయ్యాక ఆయన ముందు నుంచి వెనక్కి తిరిగి చూశాడు. ఆఖరి వరుసలో, గోడ పక్కన, కండక్టరు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, కుడిచెయ్యి ఒళ్లో మడిచి పెట్టుకున్నట్టుంది. పక్కన భార్య.

"అతన్నెవరు పిలిచారు?" అని భార్య చెవిలో అడిగాడు.

"నేనే. మీతోపాటు ఆ బస్సులో ఉన్న మనిషి కదండీ! మీరెలాగూ మర్చిపోతారని నేనే ఫోను చేశాను" అంది ఆవిడ గర్వంగా.

పాటలయ్యాయి. పాస్టరుగారు పిలిచారు. ఆయన లేచాడు. మైకు దాకా పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఎన్నో అనుకున్నాడు. ఇవాళ పొట్టిగా ముగించేద్దాం, చెయ్యి సంగతి ఎత్తకుండా దేవుడు కాపాడాడని దిగిపోదాం. అలాగే మొదలెట్టాడు. బ్రేకు పోయింది, మలుపొచ్చింది, దేవుడు కాపాడాడు, స్తోత్రం.

అందరూ ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నారు. ముందు చాప మీద కూర్చున్న ఏడేళ్ల మనవరాలు లేచి నిలబడింది.

"తాతయ్యా, దూత చెయ్యి చెప్పలేదు!"

హాలంతా నవ్వింది. అది అంతటితో ఊరుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, ఆయన గొంతే అనుకరిస్తూ, "అప్పుడొక చెయ్యి కనబడింది. నాది కాదు..." అని మొదలెట్టింది. సైగలతో సహా అచ్చం ఆయనే. తను ఎలా ఉంటాడో ఆయన మొదటిసారి చూశాడు.

కాదమ్మా అని అప్పుడైనా అనొచ్చు. ఆయన అనలేదు. అలవాటైన దారి పట్టిన బస్సులా నోరు దానంతటదే నడిచిపోయింది. చెయ్యి చెప్పాడు, భుజం చెప్పాడు, గట్టు చెప్పాడు. ముసలమ్మ "దూత!" అంది. ఆయన తల వంచుకున్నాడు.

భోజనాల దగ్గర కండక్టరే వెతుక్కుంటూ వచ్చాడు. "బాగా చెప్పావన్నా. ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బావుండేది. ఎడమచెయ్యి చాపాడు. ఆయన అలవాటుగా కుడిచెయ్యి చాపి, తడబడి, మార్చుకున్నాడు.

కండక్టరు తిన్న కంచాలు పెట్టడానికి అటు వెళ్లగానే అతని భార్య ఒక అడుగు దగ్గరికొచ్చింది. సన్నగా, ఎవరికీ వినబడకుండా అంది.

"దూత చొక్కాకి పదకొండేళ్లుగా గుండీలు నేనే పెడుతున్నానండీ."

అంతే అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "వెళ్లొస్తాం" అని ఆయన భార్యకి కూడా మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది.

ఆయన చేతిలో కంచం చేతిలోనే ఉండిపోయింది. ఎవరో వచ్చి, "మీ సాక్ష్యం విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుందండీ" అంటున్నారు.

ఆ తరవాత మూడు రోజులు ఆయనకి మనుషుల ముఖాలు చూడబుద్ధి కాలేదు. "ఏమైందండీ?" అని భార్య అడిగితే అజీర్ణమన్నాడు. ఆవిడ వాము నీళ్లిచ్చింది, తాగాడు. పొద్దున్నే మోకరించడం నలభై ఏళ్ల అలవాటు. మోకరించేవాడు గానీ ప్రార్థన కోసం ముఖం చేతుల్లో దాచుకోగానే బస్సు గుర్తొచ్చేది. ఇన్నేళ్లూ దేవుడి ఎదుట కూడా అలాగే కూర్చున్నానా అనిపించేది. చేతులు తీసేసి ఉత్తినే కూర్చునేవాడు. ఏం చెప్పాలో తోచేది కాదు. దేవుడికి తెలియనిది కాదు. తెలియనట్టు నటించింది తనే.

బుధవారం డిపోకి వెళ్లాడు. సామాన్ల గదిలో గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరిదో కళ్లద్దాల పెట్టె. కండక్టరు ఎడమచేత్తో ఒక గొడుక్కి తేదీ చీటీ కడుతున్నాడు. దారం కొస పళ్లతో పట్టుకుని ముడి బిగిస్తున్నాడు. ఆయన సాయం చెయ్యబోయాడు.

"వద్దన్నా, నాకలవాటే. కూర్చో."

కూర్చున్నాడు.

"తమ్ముడూ, నేను చేసింది క్షమించరానిది."

"పోనీలే అన్నా. నువ్వే తిప్పావని చెప్పమన్నది నేనేగా."

"డిపోలో చెప్పమన్నావు. చర్చిలో చెప్పమన్లేదు. ఉద్యోగం కాపాడుకోమని నువ్విస్తే నేను దాంతో పెద్దరికం సంపాదించుకున్నాను. నిన్ను మనిషి కాకుండా చేసేశాను."

కండక్టరు చీటీ పక్కన పెట్టాడు.

"నిజం చెప్పమంటావా? దూత అన్నందుకు నాకు కోపం రాలేదు. మా ఆవిడకొచ్చింది. నాకొచ్చిన బాధ వేరు. ఆ రోజు నేనెంత భయపడ్డానో తెలుసా నీకు? ఇప్పటికీ మెట్లు దిగుతుంటే ఒక్కోసారి కాళ్లు వణుకుతాయి. ఎవరితో చెప్పుకోను? బస్సు ముందు భాగంలో ఉన్నది మనిద్దరం. దాని సంగతి తెలిసింది నీకొక్కడికే. నువ్వేమో రావడం మానేశావు."

ఆయన క్షమించమని అడగడానికి మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఈ మాటకి క్షమాపణ ఎలా అడగాలో ఆయనకి తెలియలేదు.

కండక్టరు ఉన్నట్టుండి నవ్వాడు. "ఇంకో సంగతన్నా. నువ్వు ప్రార్థన చేశానన్నావు చూడు. నిన్ను ఆ నిమిషంలో నేనెన్ని బూతులు తిట్టానో! మా అమ్మ విని ఉంటే చెప్పుచ్చుకు కొట్టేది. ఆ బస్సులో పైకి వినబడిన ప్రార్థన అదొక్కటే."

"నాకు వినబడ్డాయి" అన్నాడు ఆయన. "అన్నీ గుర్తే."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆయనకి ఏడుపొచ్చింది. కండక్టరు అటు తిరిగి మళ్లీ గొడుగు అందుకున్నాడు.

అటునుంచి అటే పాస్టరుగారింటికి వెళ్లి మొత్తం చెప్పాడు. పాస్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. "ఆ సాక్ష్యం విని ఎంతమంది దేవుడి దగ్గరికొచ్చారో మీకు తెలుసు. ఇప్పుడు బయటపెడితే వాళ్లేమవుతారు?" అన్నారు.

"నాకు తెలియదండీ. అబద్ధమని తెలిసి ఇంకోసారి నిలబడలేను."

"నిలబడొద్దు. ఇక చెప్పకుండా ఊరుకోండి. కాలమే మరిపిస్తుంది."

ఆ మాట పడవలా కనబడింది ఆయనకి. ఎక్కేస్తే అవతలి ఒడ్డుకి చేరిపోవచ్చు. అయినా ఎక్కలేదు. "నేను ఊరుకోబట్టే కదండీ ఇంతదాకా వచ్చింది" అన్నాడు.

పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అసలు అడిగింది నేను. ఒక్క మాట చెప్పి కూర్చున్న మనిషిని, ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి అన్నది నేను. నాకూ కథ కావాల్సి వచ్చింది" అన్నారు. తరవాత, "ఆదివారం చెప్పండి. నేను పక్కన నిలబడతాను" అన్నారు.

ఇంత చేసినవాడు ఒక్కటి చెయ్యలేకపోయాడు. ఇంట్లో చెప్పలేదు. ప్రతి పూటా చెబుదామనుకునేవాడు. భార్య చీర మడత పెడుతుంటే, మనవరాలు అన్నం తింటుంటే, ఇప్పుడు కాదులే అనుకునేవాడు. మళ్లీ అదే పిరికితనం, బస్సు లేదంతే.

ఆదివారం మైకు దగ్గర నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల పట్టుకున్నాడు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

"నేను చేతులు పైకెత్తలేదు. భయంతో ముఖం కప్పుకున్నాను. ప్రార్థన కూడా చెయ్యలేదు. మీరు దూతదనుకున్న చెయ్యి మా కండక్టరుది. అందరినీ కాపాడి ఆ చెయ్యి అవిటిదైంది. నేను ఉద్యోగం కోసం ఒకసారి, గౌరవం కోసం పదకొండేళ్లు అతని పేరు దాచాను. పెద్దరికం నాకొద్దు. నన్ను క్షమించండి."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరో దగ్గారు. పాస్టరుగారు నిజంగానే పక్కన నిలబడ్డారు, తల వంచుకుని. ముందు వరుసలోంచి ముసలమ్మ గొంతు వచ్చింది. కోపంగా ఉంది.

"అయితే ఆ బస్సులో దేవుడు లేడంటావా నాయనా? నా కొడుకు చావుబతుకుల్లో ఉన్నప్పుడు నీ మాట పట్టుకునే కూర్చున్నాను నేను."

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. మంచి జవాబు కోసం వెతుక్కున్నాడు. ఇన్నేళ్లూ మంచి జవాబులే చెప్పాడు గనక ఈసారి మానేశాడు.

"నేను ముఖం కప్పుకున్నానమ్మా. ఏం చూశానని చెప్పను? నాకు కనబడింది ఆ అబ్బాయి చెయ్యొక్కటే."

ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తరవాత కూడా చాలా వారాలు ఆయన వందనాలంటే తల తిప్పుకునేది.

ఇంటికొచ్చే దారిలో భార్య పది అడుగులు ముందు నడిచింది. గుమ్మంలో ఆగి, "మా అక్కచెల్లెళ్లకి, అద్దెకొచ్చినవాళ్లకి, కూరగాయలమ్మే ఆవిడకి కూడా చెప్పుకున్నాను ఆ చెయ్యి సంగతి" అంది. "ఊరందరితో పాటు నాకూ మైకులోనే చెప్పాలా? ఆ కండక్టరు భార్యని నేనే పిలిచాను. నవ్వుతూ వడ్డించాను. ఆవిడేమనుకుని ఉంటుంది నన్ను?" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. రెండు వారాలు ఆవిడ ఆయనతో అవసరమైనంతకే మాట్లాడింది. మనవరాలు మాత్రం సూటిగా అడిగింది: "అయితే తాతయ్యా, నువ్వు అబద్ధమాడావా?" ఆడానన్నాడు. "ఎందుకు?" అంది. "నేను ధైర్యవంతుణ్నని మీరందరూ అనుకోవాలని" అన్నాడు. అది కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. కొండ దారిలో బస్సు నడిపిన ఇన్నేళ్లలో ఏ చూపుకీ ఆయన అంత కుంచించుకుపోలేదు.

డిపో మేనేజరుకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసిచ్చాడు. ఆ మేనేజరు కొత్తవాడు. చదివి, "ఇప్పుడెందుకండీ ఇదంతా, ఫైలెప్పుడో మూసేశారు" అన్నాడు. "మూసిన ఫైల్లోనే పెట్టండి" అన్నాడు ఆయన. పెట్టాడో లేదో తెలియదు.

సంఘంలో కొందరు ఆయన్ని ఇంకా ఎక్కువ గౌరవించబోయారు. "అలా ఒప్పుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలండీ!" అన్నారు. ఆయనకి భయమేసింది. ఒప్పుకోలు కూడా ఇంకో సాక్ష్యమై కూర్చునేలా ఉంది. అప్పట్నించి ఆ మాటెత్తితే లేచిపోయేవాడు. ఆదివారాల్లో వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

గురువారం గురువారం కండక్టరింటికి వెళుతున్నాడు. అతను మాట్లాడితే వింటాడు. మాట్లాడకపోతే ఇద్దరూ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులకి వంకలు పెడుతుంటారు. అతని భార్య మాత్రం "రండి" అని కుర్చీ వేసి లోపలికెళ్లిపోయేది. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక గురువారం కండక్టరు ఇంకా డిపో నుంచి రాలేదు. ఆయన తిరిగి వెళ్లబోతుంటే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"కూర్చోండి. ఒకటడగాలి." నిలబడే అడిగింది. "ఆ రోజు ఏం జరిగిందో ఆయన నాకెప్పుడూ పూర్తిగా చెప్పరు. నవ్వులాటలోకి దించేస్తారు. మీరు చెప్పండి. అందంగా వద్దు."

చెప్పాడు. పెడలు దగ్గర్నించి మొదలెట్టాడు. తను ముఖం కప్పుకున్న చోట ఆగకుండా చెప్పాడు. అతను పరుగెత్తుకొచ్చిన చప్పుడు, తిట్టిన తిట్లు, చొక్కా చెయ్యి స్టీరింగు చువ్వకి చిక్కుకోవడం, గట్టు మీద రాళ్లు అద్దానికి కొట్టుకోవడం. బస్సు ఆగాక కూడా తను ముఖం మీంచి చేతులు తియ్యకపోతే అతనే, "అయిపోయిందన్నా, కళ్లు తెరువు" అన్నాడని చెప్పాడు. అది పదకొండేళ్లలో ఎవరికీ చెప్పని మాట.

"నొప్పికి అరిచారా?" అంది ఆమె.

"అరిచాడమ్మా. నీ పేరు పెట్టి అరిచాడు."

ఆమె అక్కడే గుమ్మాన్ని ఆనుకుని, మెల్లగా మెట్టు మీద కూర్చుంది. ఇలాంటి చోట ఏదో ఒక దేవుడి మాట చెప్పడం ఆయనకి బాగా వచ్చు. చెప్పకుండా, తలవంచుకోకుండా, ఆమె కళ్లు తుడుచుకునేదాకా అక్కడే కూర్చున్నాడు.